మైక్రోటోమ్ దగ్గర ఒక పూట

సంపాదకులు నన్ను పంపింది సీక్వెన్సర్ చూసి రాయమని. హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి ప్యాథాలజీ విభాగం అది. అండాశయ కణితుల్లో జన్యువులు ఎక్కడెక్కడ మారాయో ఆ యంత్రం చదువుతుంది. యంత్రాన్ని చూశాను, దాని గురించి చెప్పింది రాసుకున్నాను. కానీ ఆ పూటంతా నేను నిలబడిపోయింది పక్క గదిలో, కణజాలాన్ని పల్చటి పొరలుగా కోసే మైక్రోటోమ్ ముందు కూర్చున్న టెక్నీషియన్ దగ్గర. జూనియర్లంతా ఆవిడను అక్కా అని పిలుస్తున్నారు.

ఐస్ ట్రే మీద మైనం బ్లాకులు బోర్లించి ఉన్నాయి. ఒక్కో బ్లాకులో గోరంత కణితి ముక్క. అక్క ఒకదాన్ని బిగించి చక్రం తిప్పింది. అయిదు మైక్రాన్ల మందాన, పొరకు పొర అంటుకుంటూ రిబ్బనులా సాగింది. బ్రష్షు కొసతో దాన్ని ఎత్తి వేడినీళ్ళ మీద వాల్చింది. ముడతలు వాటంతటవే విచ్చుకున్నాయి. గాజు స్లైడును కిందనుంచి పోనిచ్చి, పొరను దాని మీదికి ఎక్కించి పైకి తీసింది. ఇంత పనిలో ఆవిడ మోచెయ్యి బల్ల మీంచి లేవలేదు.

మామూలు స్లైడులకైతే పొర విరగకుండా బ్లాకు మీద నోటి ఆవిరి ఊదుతారట. జన్యు పరీక్షకు వెళ్ళే బ్లాకు దగ్గర ఆ అలవాటు పనికిరాదు. మాస్కు, గ్లవ్స్ తప్పవు. ప్రతి బ్లాకుకూ కొత్త బ్లేడు, కొత్త నీళ్ళు. ఒకామె కణితి తునక నీళ్ళలో తేలుతూ మిగిలిపోయి ఇంకొకామె స్లైడుకు అంటుకుంటే, ఈమె రిపోర్టులో ఆమె జన్యువు కనిపిస్తుంది.

రంగు వేసిన స్లైడును విభాగంలోని డాక్టరమ్మ మైక్రోస్కోపు కింద చూసి, కణితి కణాలు దట్టంగా ఉన్న చోటు చుట్టూ పెన్నుతో గీత గీసి ఇచ్చారు. అక్క దాన్ని రంగు వేయని స్లైడుకు జతచేసి, గీత లోపల ఉన్నంత మేరే బ్లేడుతో గీకి ట్యూబులో వేసింది. బయటి మామూలు కణాలు ఎక్కువగా కలిస్తే కణితిలోని మార్పు పలచబడి యంత్రానికి అందకుండా పోతుంది. ఎంత గొప్ప యంత్రమైనా ఈ చేతులు అందించినదాన్నే చదువుతుంది. అక్కడికి వచ్చే అతిథులకు చూపించేది మాత్రం యంత్రాన్నే.

అండాశయ క్యాన్సర్ అని మనం ఒకే పేరు వాడుతున్నా, నిజానికి అవి వేర్వేరు జబ్బులని డాక్టరమ్మ చెప్పారు. పెద్దవయసులో వచ్చే గ్రాన్యులోసా కణితుల్లో దాదాపు అన్నింటిలోనూ ఫాక్స్‌ఎల్2 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ఉంటుందని 2009లో తేలింది. ఎక్కువమంది ప్రాణాలు తీసేది హైగ్రేడ్ సీరస్ రకం. అమెరికాలో ఈ రకం కణితులు 316 చదివి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, నూటికి 96 కణితుల్లో టీపీ53 అనే జన్యువు దెబ్బతిని ఉంది. తెగిన డీఎన్‌ఏను తప్పుల్లేకుండా అతికే ఏర్పాటు సుమారు సగం కణితుల్లో పాడైనట్టు కూడా అందులోనే బయటపడింది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 ఆ ఏర్పాటులోని జన్యువులే. ఆ లోపం ఉన్న కణితి ఇంకో మరమ్మతు దారిని నమ్ముకుని బతుకుతుంది. ఓలాపారిబ్ అనే మందు ఆ దారిని కూడా మూసేస్తుంది. 2014లో అమెరికాలోనూ ఐరోపాలోనూ ఆ మందుకు అనుమతి వచ్చింది. అయితే కొన్నిసార్లు, చెడిన బీఆర్‌సీఏ జన్యువులోనే ఇంకో మార్పు వచ్చి అది మళ్ళీ పనిచేయడం మొదలుపెడుతుంది. అప్పుడిక మందుకు జబ్బు లొంగదు.

డాక్టరమ్మ ఇది చెబుతుండగానే గుమ్మం దగ్గర ఒక కుర్రాడి గొంతు లేచింది.

"అక్కా, మళ్ళీ సెలైన్‌లోనే పంపారు!"

ఏదో జిల్లా నర్సింగ్‌హోం నుంచి, ఆపరేషన్‌లో తీసిన ముక్కతో వచ్చిన సీసా అది. అక్క దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. "తీసిన టైం రాశారా?"

"రాయలేదక్కా."

"ఫోన్ చెయ్. నేను మాట్లాడతా."

సెలైన్‌లో కణజాలం నిలవదు, పాడైపోతుంది. నిలవ ఉంచే ఫార్మలిన్ పోసినంత మాత్రాన కూడా సరిపోదు. ముక్కకు పదింతలు ఉండాలి. అది గంటకు ఒక మిల్లీమీటరు చొప్పునే లోపలికి ఇంకుతుంది. పెద్ద అండాశయాన్ని కోయకుండా ఇరుకు సీసాలో కుక్కితే పైపైన గట్టిపడి లోపల చెడిపోతుంది. రోజుల తరబడి అందులోనే వదిలేసినా కష్టమే. డీఎన్‌ఏ తునకలైపోతుంది, కొన్ని అక్షరాలు చెడి, కణితిలో లేని మార్పులు ఉన్నట్టు కనిపిస్తాయి.

ఆ సీసాను చూశాక నాకు ఆగని కోపం వచ్చింది. అది పరీక్షదాకా అయినా వచ్చింది, రానివి ఎన్నో. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. నలభై నిండకుండానే తీయించుకుంటున్నవాళ్ళు ఎందరో. తీసినదాన్ని బంధువులకు చూపించి పారేసి, పరీక్ష ఖర్చు మిగిలిందనుకునే చోట్లు ఇంకా ఉన్నాయి. హైగ్రేడ్ సీరస్ క్యాన్సర్ చాలావరకు అండాశయంలో కాక, దాన్ని తాకుతూ ఉండే ఫాలోపియన్ ట్యూబు కుచ్చు అంచున మొదలవుతుందని ఈనాటి ప్యాథాలజిస్టుల మాట. గర్భసంచితో పాటు ట్యూబులూ తీసినప్పుడు ఆ అంచును సన్నగా కోసి చూస్తే, టీపీ53 చెడిన కణాల చిన్న గుంపు కణితి కాకముందే ఒక్కోసారి దొరుకుతుంది. దాన్ని చెత్తలో వేసేవాళ్ళను అడిగే నాథుడు లేడు. కొత్త యంత్రం వస్తే ప్రారంభోత్సవం చేస్తాం. వెడల్పు మూతి సీసా, సరైన ఫార్మలిన్, దాని మీద రెండు ముక్కలు రాసే మనిషి ప్రతి ఆపరేషన్ థియేటర్‌లోనూ ఉన్నారా అని ఎవరూ తనిఖీ చేయరు. నా దృష్టిలో ఇది ఆడవాళ్ళ ఒంటి నుంచి తీసినదాని పట్ల మనకున్న నిర్లక్ష్యమే.

మధ్యాహ్నం కౌంటర్ దగ్గరికి ఒకాయన వచ్చాడు. భార్యకు ఇంకో ఆసుపత్రిలో వైద్యం చేయించబోతున్నాడట, బ్లాకు ఇమ్మన్నాడు. అక్క దాన్ని చిన్న డబ్బాలో పెట్టి, రిజిస్టర్‌లో సంతకం తీసుకుంది.

"అన్నా, ఎండలో బండి డిక్కీలో పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. పిల్లలెంతమంది?"

"ఇద్దరు ఆడపిల్లలు."

"అయితే పరీక్ష అయ్యాక మిగిలిన బ్లాకు అడిగి వెనక్కి తెచ్చుకోండి. వదినకు రక్తపరీక్ష కూడా చేస్తారేమో ఆ డాక్టరును అడగండి. జబ్బు వంశంలోంచి వచ్చిందని తేలితే పిల్లలు పెద్దయ్యాక వాళ్ళకు ఆ ఒక్క మార్పే చూస్తే చాలు. వాళ్ళు బ్లాకు ఇవ్వం అంటే నాకు ఫోన్ చేయండి, నేను మాట్లాడతా."