మూడు ఇంటర్వెళ్ల బొమ్మ

జానపద సినిమా మంచిదో కాదో తేల్చడానికి మా మామిడికుదురు వైపు ఒకప్పుడు గట్టి పరీక్షే ఉండేది. దాన్ని ఏ విమర్శకుడూ కనిపెట్టలేదు. డేరాలో ప్రొజెక్టరు ఒకటే ఉండడంతో దానంతటదే ఏర్పడింది.

పట్నం హాళ్లలో రెండు మిషన్లు పక్కపక్కన ఉండేవి. ఒకదాంట్లో రీలు అయిపోతుండగా రెండోది అందుకునేది, కూర్చున్నవాడికి ఆ సంగతే తెలిసేది కాదు. టూరింగు టాకీసుకి అంత స్తోమత ఎక్కడిది? నాలుగైదు రీళ్లు ఒకే చుట్టకి అతికించి నడిపేవారు. చుట్ట అయిపోగానే తెర తెల్లగా మిగిలేది, లైట్లు వెలిగేవి. ఆపరేటరు రెండో చుట్ట ఎక్కించి కార్బన్ పుల్లలు సరిచేసుకునేదాకా జనం బీడీలూ సోడాలూ చూసుకునేవారు. 1000 అడుగుల రీలు 11 నిమిషాలు నడుస్తుంది. ‘పాతాళభైరవి’ మూడుంపావు గంటల బొమ్మ. కాబట్టి తక్కువలో తక్కువ మూడు ఇంటర్వెళ్లు.

దర్శకుడు పెట్టిన విశ్రాంతి సంగతి వేరు. అది కథని మంచి పట్టులో ఆపుతుంది, ఆపడానికే ఆ సీను రాస్తారు. చుట్ట అయిపోవడానికి అలాంటి మర్యాదలేం లేవు. పైగా ఊళ్లు తిరిగి తిరిగి మన దాకా వచ్చిన ప్రింటులో ప్రతి రీలుకీ చివరి అడుగులు ఎప్పుడో తెగిపోయి ఉండేవి. దాంతో బొమ్మ మాట మధ్యలోనో, పాట చరణంలోనో, ఎత్తిన కత్తి దిగకుండానో ఆగిపోయేది. ఆ చోటు మీద ‘పాతాళభైరవి’ దర్శకుడు కె.వి.రెడ్డికీ అధికారం లేదు, విఠలాచార్యకీ లేదు. అలా ఎక్కడ తెగినా, మళ్లీ లైట్లు ఆరేదాకా జనాన్ని పట్టి ఉంచిందా, అది నిలబడ్డ బొమ్మ. తెగిన చోట జనం కొబ్బరికాయల ధర గురించి మాట్లాడుకున్నారా, పడిపోయిన బొమ్మ. పాత సినిమాలకి ఇంతకన్నా న్యాయమైన కొలత నాకింకోటి దొరకలేదు.

మా పెదమావయ్య ఆ ఇంటర్వెళ్లలో పేరుమోసిన సమీక్షకుడు. నేల టిక్కెట్టులోనే కూర్చునేవాడు. బెంచీవాళ్లు బొమ్మ చూస్తారు గానీ బొమ్మ గురించి మాట్లాడరని ఆయన ఫిర్యాదు. ‘పాతాళభైరవి’ 1951 మార్చి 15న విడుదలైంది. పట్నాల్లో ఆడి ఆడి మా వైపు డేరాలకి చేరేసరికి దాని కథ తెలియనివాడు లేడు. అయినా మావయ్య చూసిన ఆటలో, మొసలి కాస్తా శాపం తీరి అమ్మాయిగా మారిన చోట చుట్ట తెగిందట. ఆమె ఇంకా నోరు విప్పలేదు. లైట్లు వెలిగాయి.

“ఇప్పుడా పిల్ల ఏం జెప్తాదంటావురా అబ్బాయ్?”

“ఏం జెప్తాది మావా, ఆ గెడ్డపాయన నిన్ను బలిచ్చేత్తాడ్రోయ్, పారిపో అంటాది.”

“పారిపోతే ఇంక బొమ్మెక్కడిదిరా! పారిపోడు, చూడు.”

కథ తెలుసు, జవాబు తెలుసు, అయినా పందెం కాసుకున్నారు. సినిమా గొప్పతనానికి నేనడిగే సాక్ష్యం ఇంతే. ఇంకో విచిత్రం చూడండి. ఎన్టీఆర్ వేసిన తోట రాముడు తనని బలివ్వబోయిన నేపాళ మాంత్రికుణ్ని కథ సగంలోనే చంపేస్తాడు. ఎస్.వి.రంగారావు లాంటి విలన్ని మధ్యలో చంపుకుంటే మిగతా సినిమా దేంతో నడపాలి? ఇంకొకరైతే అక్కడే చతికిలబడేవారు. రచయిత పింగళి నాగేంద్రరావు, మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి చేత సంజీవని తెప్పించి గురువుని లేపుతాడు. చచ్చి లేచిన మాంత్రికుడు మొదటివాడికన్నా ప్రమాదం, ఎందుకంటే వాడికిప్పుడు శక్తి ఒక్కటే కాదు, పగ కూడా ఉంది. రాజుగారి బావమరిదిని లోబరుచుకుని, రాముడి దగ్గరున్న కోరికలు తీర్చే పాతాళభైరవి ప్రతిమ కాజేయిస్తాడు. ఆ బావమరిది శూరసేనుడి వేషం వేసింది రావులపాలెం దగ్గరి రావులపాడులో పుట్టిన రేలంగి. మా కోనసీమవాడే మాంత్రికుడికి తాళాలు అందించాడని డేరాలో అప్పట్లో పెద్ద ఈల.

ఈ సినిమాకి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో ఉంది. ఆ 12 భాగాల పుస్తకం సాగే తీరు తెలుసు కదా. మణిసిద్ధుడనే యతి, గోపుడనే పశువుల కాపరి కుర్రాడు కాలినడకన కాశీకి బయల్దేరతారు. దారిలో కుర్రాడికి ఏదో వింత కనబడుతుంది, దాని సంగతేమిటని నిలదీస్తాడు. మజిలీ చేరి, వంటా భోజనం అయ్యాక గురువు కథ మొదలెడతాడు. ప్రయాణం వేళకి కథ ఆగిపోవాల్సిందే, మిగతాది వచ్చే మజిలీలో. వినేవాడికి ఒకటే కోరిక, చెప్పేవాడికి ఒకటే భయం: వీడు నడవనని ఇంటికి తిరిగిపోతాడేమో. కథ చెప్పడం వెనకాల అంత అవసరం ఉంది కాబట్టే అందులోంచి తీసిన సినిమాని ఎక్కడ ముక్క చేసినా ప్రాణం పోలేదు. తర్వాత ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’తో మొదలుపెట్టి నెలనెలా ఇదే పని చేశాడు. ఆ పత్రిక పెట్టిన నాగిరెడ్డి చక్రపాణులే ‘పాతాళభైరవి’ తీసిన విజయా వారు కావడం నాకేమీ కాకతాళీయంగా కనిపించదు.

అమెరికా వాళ్లు ఈ పనినే సినిమాహాల్లో వారం వారం చేశారు. ‘ఫ్లాష్ గోర్డన్’ 1936లో 13 భాగాలు, ‘కెప్టెన్ మార్వెల్’ 1941లో 12, ‘బ్యాట్‌మన్’ 1943లో 15. మొదటి భాగాన్ని పక్కన పెడితే ఒక్కోటి ఇరవై నిమిషాలకి అటూఇటూ. ప్రతి భాగం చివరా హీరో చావు అంచున ఉంటాడు. కారు లోయలో పడి భగ్గున మండుతుంది. పిల్లలు వారమంతా దాని గురించే కొట్టుకు చచ్చి మళ్లీ శనివారం టిక్కెట్టు కొంటే, కారు పడకముందే హీరో దూకేసినట్టు ఒక కొత్త షాటు చూపిస్తారు. పోయిన వారం ఆ షాటు లేదు! ఇది దగా. మా డేరాలో ఇలాంటిది జరిగితే కుర్చీలు లేవు కాబట్టి విరిగేవి కావు గానీ గుంజలు ఊడేవి. తెగిన చోటే అతుక్కోవాలి కథ. పాపం మన ఆపరేటరుకి ఆ నిజాయితీ తప్పదు, చుట్టలో ఉన్నదే వెయ్యగలడు.

అందుకని ఆ సీరియళ్లని నేను వాళ్లు ఆపిన చోట చూడను. భాగం నడిమధ్యలో, ఎక్కడ చెయ్యి పడితే అక్కడ ఆపేస్తాను. మావయ్య పరీక్ష పెడతానన్నమాట. ‘బ్యాట్‌మన్’ ఇందులో తప్పింది. ఎక్కడ ఆపినా టోపీలు పెట్టుకున్న నలుగురు ఒక గదిలో ఇంకో గది గురించి మాట్లాడుకుంటూ దొరుకుతారు. హీరో ఎక్కేది మామూలు కాడిలాక్ కారు. పైగా యుద్ధకాలపు సినిమా కాబట్టి విలన్ డాక్టర్ డాకా జపాన్‌వాడు, ఆ జాతి మీద వెళ్లగక్కిన విషం ఇవాళ చూస్తే సిగ్గేస్తుంది. ఫ్లాష్ గోర్డన్ సగం నెగ్గుతాడు, అదీ మింగ్ చక్రవర్తి వేషం వేసిన చార్లెస్ మిడిల్టన్ పుణ్యాన.

‘కెప్టెన్ మార్వెల్’ మాత్రం పూర్తిగా నెగ్గింది. సయాములో తవ్వకాలకి పోయిన పండితుల బృందానికి ఒక బంగారు తేలు దొరుకుతుంది. తేలు పట్టిన కటకాలని తలా ఒకటి పంచుకుంటారు. వాటికోసం ముసుగేసుకుని చంపుతున్నవాడు ఆ పండితుల్లోనే ఒకడు. భాగం భాగానికీ అనుమానితులు తగ్గుతూ వస్తారు, కాబట్టి ఎక్కడ ఆపినా “వీడా, వాడా” అన్నది మిగులుతుంది. ఎగరడం కూడా ముచ్చటగా ఉంటుంది. లైడెకర్ సోదరులు మనిషికన్నా పెద్ద కాగితపు గుజ్జు బొమ్మని చేసి, తీగల మీద కొండల మధ్య జారవిడిచారు. నిజం ఎండలో, నిజం గాలిలో వెళ్తుంది ఆ బొమ్మ. వాలే క్షణానికి షాటు మారి మనిషి దూకుతాడు. 1948లో ‘సూపర్‌మ్యాన్’ సీరియల్ తీసినవాళ్లు ఈ తంటా మాని, ఎగిరేటప్పుడల్లా హీరోని గీసిన కార్టూనుగా మార్చేశారు. ఖర్చు కలిసొచ్చింది, నమ్మకం పోయింది.

మన ట్రిక్కుల్లో తెలివి ఇంకో రకం. కెమెరాని కదలకుండా బిగించి, కటకం ముందు సగం నల్లగా మూసి ఒక పక్క తీస్తారు. ఫిల్ము వెనక్కి తిప్పి, రెండో సగం మూసి ఇంకో పక్క తీస్తారు. ఒకే మనిషి ఇద్దరై ఎదురెదురుగా మాట్లాడుకోవడానికి ఇదే కిటుకు. కాస్త బెసికినా మధ్యలో గీత కనబడుతుంది. 1961లో ‘సీతారామకల్యాణం’ రావణుడికి పది తలలు పెట్టిన రవికాంత్ నగాయిచ్ ఇలాంటి ముసుగులతోనే పేరు తెచ్చుకుని, తర్వాత హిందీకి పోయి ‘ఫర్జ్’ తీశాడు. ‘పాతాళభైరవి’కి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లే పనిలో ఆ గీత వెతికి వెతికి నేను అలిసిపోయాను. విఠలాచార్య బొమ్మల్లో వెతకక్కర్లేదు, అదే వచ్చి పలకరిస్తుంది.

విఠలాచార్య మీద నాకు ప్రేమ ఉంది గానీ గుడ్డిది కాదు. కాంతారావు, రాజనాల కత్తులు దూసి మెట్లెక్కుతూ దిగుతూ పోరాడే చోట ఆయన సినిమాని ఏ క్షణాన ఆపినా నేను హామీ ఉంటాను. కాంతారావు మణికట్టుని గమనించండి, కత్తి దానికి మొలిచినట్టే ఉంటుంది. దెయ్యం తన కాలే పొయ్యిలో పెట్టి వంట చేసే రకం చోట్లా అంతే. ఈ మనిషికి మాయ అంటే ఆకాశంలో జరిగేది కాదు, వంటింట్లో జరిగేది. డేట్లు కుదరని నటుణ్ని చిలకనో మేకనో చేసేసి షూటింగు కానిచ్చేవాడని ఆయన మీద చెప్పుకునే కథ నిజమో కాదో గానీ, ఆ సినిమాలు చూస్తే నమ్మాలనిపిస్తుంది. ఇక హాస్యం ట్రాకు దగ్గర చుట్ట తెగిందా, డేరా ఖాళీ. ఇద్దరు భటులు ఒకరి తలపాగా ఒకరు లాక్కునే ఆ ఘట్టాలు అన్ని సినిమాల్లోనూ ఒకటే. ఒక సినిమాది తీసి ఇంకోదాంట్లో అతికించినా జనం పట్టుకోలేరు. మావయ్య వాటిని సోడా రీళ్లనేవాడు.

ఒకటి మాత్రం మన జానపదాలు మొదట్నుంచీ సరిగ్గా పట్టుకున్నాయి. శక్తి మాంత్రికుడిది. హీరోకి ఉన్నది ఒక కత్తి, ఒక తోడు, ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లి. తోట రాముడి చేతికి ప్రతిమ వచ్చినా అది కాజేయగలిగిన వస్తువే. అందుకే బొమ్మ ఎక్కడ తెగినా మనకి బెంగ మిగులుతుంది. శక్తి హీరో ఒంట్లోనే కాపురం పెట్టేస్తే ఇంటర్వెల్లో మాట్లాడుకోడానికి ఏముంది? 1980లో వి.మధుసూదనరావు ‘సూపర్‌మ్యాన్’ తీసినప్పుడు ఎన్టీఆర్‌కి ఆంజనేయస్వామి చేత శక్తులిప్పించారు. మన జనానికి గ్రహాంతరవాసికన్నా ఆంజనేయుడు దగ్గరివాడు, ఆ లెక్క బాగుంది. కానీ ఇచ్చిన శక్తికి ఎక్కడా గండి పెట్టలేదు. హీరో గెలుస్తాడా అని కాదు, ఎప్పుడు గెలుస్తాడా అని చూస్తూ కూర్చోవాలి. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’ తెచ్చాడు. అక్కడా ఆంజనేయుడే. కానీ శక్తి ఒక మణిలో ఉంది, దాన్ని కొట్టేయొచ్చు, పైగా ఎండ ఉంటేనే పనిచేస్తుంది. పొద్దు గుంకితే కుర్రాడు మామూలు కుర్రాడే. సినిమా అంతా నాకు నచ్చిందని చెప్పను, రొద ఎక్కువ. అయినా పొద్దు వాలే ఘట్టం దగ్గర ఆపి చూశాను, నిలబడింది.

అన్నిటికీ ఒకే జబ్బున్న చోటు ఆఖరి రీలు. అమెరికా సీరియలైనా, జానపదమైనా ముడి విప్పేశాక ఏం చెయ్యాలో తెలియదు. అందరూ వరసగా నిలబడి నవ్వుతారు, రాజుగారు ఆశీర్వదిస్తారు. ‘కెప్టెన్ మార్వెల్’ ఒక్కటే ఇందులోనూ కొంచెం ధైర్యం చేసింది. తేలుని లావాలో పడేస్తారు, దాంతోపాటే హీరో శక్తీ పోయి, ఆ శక్తితో హీరోగా మారే బిల్లీ మళ్లీ మామూలు కుర్రాడవుతాడు. మన డేరాలకి మాత్రం ఆఖరి రీలు బాధ అంతగా తగల్లేదు. వైనతేయ మీద వంతెన లేని రోజులవి. బోడసకుర్రు నుంచి వచ్చినవాళ్లు మొదటాట చూసి పాశర్లపూడి రేవులో ఆఖరి పడవ అందుకోవాలి. పడవవాడు మాంత్రికుడు చచ్చేదాకా ఆగేవాడు గానీ శుభం కార్డు పడేదాకా ఆగేవాడు కాదు. మాంత్రికుడు కూలడమే ఆలస్యం, సగం డేరా లేచి రేవు దారి పట్టేది. ఆ రాజకుమారి పెళ్లి అటు ఒడ్డువాళ్లు ఏ బొమ్మలోనూ చూసి ఎరగరు. ఇంతకీ పెళ్లి జరిగిందా అని మావయ్య ఆటపట్టిస్తే, “జరక్కేం జేత్తాదండీ, ఆయ్!” అనేవారట.