రాజమండ్రి టూరులో నేనాడిన అబద్ధం



మా తొమ్మిదో తరగతి వాళ్ళందరినీ రాజమండ్రి విజ్ఞానయాత్రకు తీసుకెళ్ళిన సంగతి మీకు తెలిసినదే. అక్కడ చూసినవి గోడపత్రికకు రాయమని తెలుగు మాస్టారు నాకు చెప్పారు. చూసినవి రాస్తున్నాను. వాటితోపాటు అక్కడ నేనాడిన అబద్ధం కూడా ఒకటుంది. అది రాయకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు.

తెల్లవారుఝామున 4 గంటలకే లేచి స్నానాలు చేశాం. మెస్సులో పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చారు. గోకవరం దాటాక కొండలు వెనకబడిపోయాయి. ఇద్దరు వాంతులు చేసుకున్నారు. పేర్లు రాయను, వాళ్ళకే తెలుసు.

ముందుగా పుష్కర ఘాటుకు వెళ్ళాం. గోదావరి అక్కడ ఎంత వెడల్పో! అవతలి ఒడ్డు పొగలాగా కనపడింది. మాస్టారు వంతెనలు చూపించారు. 1900లో కట్టిన హేవలాక్ వంతెనకు 56 ఖానాలు ఉన్నాయట. 1997 నుంచి దాని మీద రైళ్ళు తిరగడం లేదు. 1974లో వచ్చిన ఇంకో వంతెన మీద పైన బస్సులు, కింద రైళ్ళు వెళ్తాయి. మేము చూస్తుండగానే ఒక రైలు వెళ్ళింది. అందరం కేకలు పెట్టాం. పెట్టెలు లెక్కపెడదామని మొదలెట్టి మధ్యలో తప్పిపోయాం.

రాజమండ్రి ఒకప్పుడు రాజధాని. 11వ శతాబ్దంలో తూర్పు చాళుక్యరాజు రాజరాజనరేంద్రుడు ఇక్కడి నుంచి పాలించాడు. ఆయన కోరిక మీదే నన్నయ గారు మహాభారతాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టి రెండున్నర పర్వాలు రాశారు. 2015లో ఊరి పేరును మళ్ళీ రాజమహేంద్రవరం చేశారు. అయినా బస్టాండులో కండక్టర్లు మాత్రం "రాజమండ్రి, రాజమండ్రి" అనే అరుస్తున్నారు. పేరు అంత తొందరగా పోదన్నమాట.

తరువాత కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఇల్లు చూశాం. 1881 డిసెంబరు 11న ఆయన ఈ ఊళ్ళోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరంతా ఎదురు తిరిగినా జరిపించారట. దామెర్ల రామారావు గారి బొమ్మల గ్యాలరీ కూడా చూశాం. ఆయన 1897లో పుట్టి 1925లోనే మశూచితో చనిపోయారు. బతికింది 28 ఏళ్ళు కూడా నిండలేదు గాని బొమ్మలు ఇంకా ఉన్నాయి.

ఇక మ్యూజియం. రాళ్ళబండి సుబ్బారావు గారి పేరు మీద ఉన్న మ్యూజియం అది. రాతి విగ్రహాలు, పాత నాణేలు ఉన్నాయి. ముక్కు విరిగిన ఒక విగ్రహం దగ్గర నేను నిలబడితే అక్కడ పనిచేసే పెద్దాయన వచ్చి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాడు.

నేను "రంపచోడవరం అండీ" అన్నాను.

అదే అబద్ధం. మాది కొండమొదలు. పాపికొండల దారిలో, గోదావరి ఒడ్డున. పోలవరం దగ్గర కాఫర్ డ్యాం కట్టాక 2021లో నీరు వెనక్కి ఎగదన్ని ఊరు ఖాళీ అయింది. మమ్మల్ని కాలనీకి తెచ్చారు. ఆ ఊరు పేరు చెబితే "అదెక్కడ?" అంటారు. మునిగిపోయిందంటే "అయ్యో" అంటారు. ఆ "అయ్యో" నాకు ఇష్టం ఉండదు. అందుకని అలా అన్నాను.

పక్కనున్న మా ఫ్రెండు ఊరుకోకుండా, "కాదండీ, వీడిది మునిగిపోయిన ఊరండీ" అనేశాడు. నాకు తల తీసేసినట్టయింది.

పెద్దాయన మాత్రం "అయ్యో" అనలేదు. ఆ విగ్రహాన్ని చూపించి, "ఇలాంటివి చాలా వరకు మట్టిలోనో నీళ్ళలోనో దొరికినవే బాబూ. ఎక్కడ దొరికిందో కింద రాసి పెట్టుకుంటాం. ఊరి పేరు రాయకపోతే ఇది ఉత్త రాయి" అన్నాడు. ఇంకో బడి పిల్లలు వస్తే అటు వెళ్ళిపోయాడు.

సాయంత్రం ధవళేశ్వరం వెళ్ళాం. కాటన్ దొర 1847 నుంచి 1852 వరకు అక్కడ ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడున్నది తరువాత కట్టిన బ్యారేజి, 175 గేట్లు. కరువుతో చచ్చిపోయిన డెల్టా ఆ ఆనకట్టతో అన్నం పెట్టే నేల అయింది. అందుకే ఊరూరా ఆయన విగ్రహాలు పెట్టుకున్నారు.

నేను గట్టు మీద నిలబడి ఆలోచించాను. ఈ నీళ్ళు మా రేవు మీదుగా వచ్చినవే. కింద ఆపితే పొలాలు పండాయి, పైన ఆపితే మా ఊరు పోయింది. నేను ఎవరినీ తిట్టడానికి రాయడం లేదు. మన మెస్సులో అన్నం కూడా ఆ డెల్టా బియ్యమే కావచ్చు. కానీ ఆనకట్టకు బోర్డు ఉంది, దొరకు విగ్రహం ఉంది, విరిగిన రాయికి కూడా చీటీ ఉంది. మా ఊరికి చీటీ లేదు.

సంక్రాంతి సెలవుల్లో ఈ సంగతి తాతకు చెప్పాను. తాత చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి రాయరాదూ? నీకు సదువు చెప్పిస్తున్నది ఎందుకురా?" అన్నాడు. తాత చెబుతుంటే నోటు పుస్తకంలో రాసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు కొండమొదలు. మేము కొండరెడ్లం. లాంచీ ఆగే రేవు దగ్గర ఇసుకలో మేము కబడ్డీ ఆడేవాళ్ళం. కొండ మీద పోడులో జొన్న, కంది వేసేవాళ్ళం. వెదురుతో తట్టలు అల్లేవాళ్ళం. వానాకాలం గింజలు అయిపోతే అమ్మమ్మ మామిడి టెంకల జీడి నానబెట్టి, దంచి, అంబలి కాచేది. జీలుగుచెట్టు ఏది ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. మా ఇంటి ముందు చింతచెట్టు ఉండేది. నీళ్ళు తగ్గినప్పుడు దాని కొమ్మలు కనపడతాయని పడవ మీద వెళ్ళినవాళ్ళు చెప్పారు.

మన హాస్టల్లో దేవీపట్నం వైపు పిల్లలు ఇంకా ఉన్నారు. వార్డెన్ గారు అనుమతిస్తే ఈ కాగితం కింద ఒక ఖాళీ చార్టు అంటిస్తాను. మీ ఊరి పేరు, మీకు గుర్తున్నది నాలుగు లైన్లు రాయండి. తప్పులుంటే తెలుగు మాస్టారు దిద్దుతారు.

ఈసారి ఎవరైనా "ఏ ఊరు బాబూ?" అని అడిగితే నేను కొండమొదలు అనే చెబుతాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి, కొండమొదలు