మలుపున వినబడిన మొఱ

విశాఖపట్టణము జిల్లానుండి విడివడి 2022వ సంవత్సరమున అనకాపల్లి జిల్లాలో చేరిన మా చోడవరము పెద్ద పట్టణము కాదు. స్వయంభూ విఘ్నేశ్వరుని కోవెల, చుట్టును చెఱకుతోటలు, బెల్లము వండు దినములలో గాలినిండ తీయని వాసన, ఇవియే మా యూరి యైశ్వర్యము. మావారు బడిపంతులు. జీతములో మిగిల్చిన సొమ్ముతో, ఒకరు వాడి విడిచిన చిన్న మారుతి కారును కొని మూడేండ్లైనది.

మనుమనికి జ్వరము తగ్గినచో పాడేరు మోదకొండమ్మవారి దర్శనము చేయింతునని మా అత్తగారు మ్రొక్కుకొనియుండిరి. ఒక ఆదివారము వేకువనే పులిహోర మూటగట్టుకొని, బిడ్డను వెంటబెట్టుకొని బయలుదేరితిమి. కోవెలకు నమస్కరించి కుడివైపు తిరుగుచుండగా కారు క్రిందనుండి కరకరమని శబ్దము వినబడెను. కారు తిన్నబడినంతనే అది మానెను. ఈ శబ్దము మాకు క్రొత్తది కాదు. అంతకు నెల దినములకు ముందు ఒక షెడ్డులో చూపగా, వారు కారును నడిపియైనను చూడక, చక్రపు బేరింగు పోయినదని చెప్పి మార్చిరి. సొమ్ము పోయెను గాని శబ్దము పోలేదు.

వడ్డాదికడ మలుపులో మరల అదే శబ్దము. “ఏదో రాయి తగులుచున్నది” అని మావారు తేలికగా ననిరి. అత్తగారు చెవియొగ్గి, “అమ్మాయీ, గింజలు వేయక వట్టి తిరుగలి త్రిప్పినట్లున్నదే!” అనిరి. మా అనుమానము దృఢమయ్యెను.

గోధుమపాలతో వండు హల్వాకు పేరుపొందిన మాడుగుల చేరితిమి. అక్కడ కారు ఆపుమంటిమి. ఎదుట మన్యపుకొండలు నీలముగా కనబడుచుండెను.

“తిన్నగా చక్కగనే నడచుచున్నది గదా, మెల్లగా పోదము” అని మావారనిరి.

“ఏమండీ, ఈ ఘాటీలో తిన్నని దారి యెక్కడిది?” అని మేమడిగితిమి.

వారు మాఱుపలుకలేదు. మ్రొక్కు మధ్యలో ఆపరాదని అత్తగారి కన్నులు చెమర్చెను. పెద్దలను నొప్పించుట మాకును కష్టమే. కాని వెనుకసీటులో నిద్రించుచున్న బిడ్డను చూచి మనసు దిటవు చేసికొంటిమి. కొంతసేపటికి అత్తగారే, “అమ్మ కొండమీదనే యుండును. మనమే మరల వత్తము” అని హల్వాపొట్లము ఒడిలో పెట్టుకొనిరి. మెల్లగా ఇల్లు చేరితిమి.

మరునాటి సాయంకాలము, ఊరిచివర షెడ్డు నడుపు ముసలి మేస్త్రిని బడిమైదానమునకు పిలిపించితిమి. ఆయన చేసిన పరీక్షలను సోదరీమణులకు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట కారు నిలిపియుంచి చక్రమును ఇటునటు కొసవఱకు త్రిప్పించెను. శబ్దము లేదు, కావున స్టీరింగుదోషము కాదు. పిమ్మట చక్రమును పూర్తిగా త్రిప్పియుంచి కారును మెల్లగా గుండ్రముగా నడిపించెను. ఎడమకు తిరిగినపుడు నిశ్శబ్దము, కుడికి తిరిగినపుడు ఎడమచక్రముకడ కటకట, కరకర. కుడికి తిరుగు కారులో ఎడమచక్రము వెలుపలిది. భారము దానిపైకి ఒరుగును. జాకీతో ఆ చక్రమును పైకెత్తి ఊపి, త్రిప్పి చూచెను. బేరింగున వదులు లేదు. బ్రేకురేకు సందున రాయి చిక్కుకొనలేదు. తుదకు దీపము పట్టి లోపల చూపెను. ఇరుసుకొనను కప్పిన రబ్బరుతొడుగు చినిగియున్నది. నల్లని గ్రీజు చక్రపు లోపలి యంచున చిమ్మియున్నది.

2014లో తయారీ నిలిచిన అంబాసిడరు కారులో ఇంజనుబలము వెనుకచక్రములకు పోవును. 1983లో వచ్చిన మారుతి 800లోను, మా కారులోను ముందుచక్రములే బండిని లాగవలెను, అవియే ప్రక్కలకు తిరుగవలెను. ఈ రెండుపనులు ఒక్కసారి జరుగుటకు ఇరుసుకొనను మన మణికట్టువంటి కీలు కలదు. దానిని సీవీ జాయింటు అందురు. గాడులలో దొరలు ఆఱు ఉక్కుగుండ్లతో, 1920ల దశాబ్దములో ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా అను ఇంజనీరు కల్పించిన కీలే నేటి పెక్కు కారులలో వెలుపలి కీలునకు మూలము. తొడుగు చినిగినచో గ్రీజు వెలికి చిమ్మును. దుమ్ము, ఇసుక, నీరు లోనికి చేరును. అప్పుడు గుండ్లు గాడులను నూఱుకొనును. తిన్నగా పోవునపుడు కీలు అంతగా వంగదు గనుక మొఱపెట్టదు, మలుపులోనే మొఱపెట్టును.

“కొంత గ్రీజు పెట్టిన చాలదా?” అని మావారడిగిరి. “తొడుగు చినిగిన క్రొత్తలో చూచినచో, కడిగి, క్రొత్త గ్రీజు నింపి, తొడుగు మార్చిన చాలును బాబూ. శబ్దము వచ్చెనన్న గాడులు అరిగినట్లే. కీలునే మార్చవలెను” అని మేస్త్రి చెప్పెను. ఆ అరిగినది కొండమలుపులో విఱిగినచో, ఇంజను తిరుగుచున్నను చక్రములకు బలమందదు. బండి ఎత్తుమీద నిలిచిపోవును. అది విని అత్తగారు మా చేయి పట్టుకొనిరి.

దశరథుని రథపు ఇరుసు జారిపోగా కైకేయి తన చేయి అడ్డుపెట్టెనని పెద్దలు చెప్పుదురు. ఈ కాలపు ఇరుసునకు మనము చేయి పెట్టనక్కరలేదు, చెవి పెట్టిన చాలును. కారును నడుపువారు దారిని చూచుచుందురు; ప్రక్కన కూర్చుండువారు వినగలరు. ఏ మలుపున, ఏ వైపున, ఎప్పుడు శబ్దము వచ్చెనో జ్ఞాపకముంచుకొని చెప్పినచో, పనివాడు ఊహమీద సామాను మార్చడు. టైర్లు విప్పినప్పుడెల్ల రబ్బరుతొడుగును కూడ చూడుమని అడుగుట మరువరాదు.

కీలు మార్చుటకు ఆ నెల చీరెసొమ్ము కరిగెను. తరువాతి నెలలో ఘాటీ ఎక్కితిమి. సిల్వరు ఓకు చెట్లకు ప్రాకిన మిరియపుతీగెలు, వాని నీడను కాఫీతోటలు కన్నులపండువు చేసెను. ప్రతి మలుపునను మేము నలుగురమును మాటలాపి వినుచుంటిమి. ఏ శబ్దమును లేదు. అమ్మవారి యెదుట అత్తగారు కొబ్బరికాయ కొట్టి, మనుమని ముందుకు త్రోసి, “ఆలస్యమునకు మన్నింపుము తల్లీ, మా కోడలు ఆపినది” అని నవ్విరి.