బ్యాగులొచ్చాయి, లెక్కల సారు రాలేదు



మేము ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదివేటప్పుడు ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. బ్యాగులు పంచి, బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఆ ఏడాదంతా మాకు లెక్కల సారు లేడు. ల్యాబ్ గదిలో బియ్యం బస్తాలుండేవి. ఎంపీసీ చదవాలని ఉన్నా చాలామందిమి భయపడి హెచ్‌ఈసీలో చేరాం.

డిగ్రీకొచ్చాకే తెలిసింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. అందులో చదువూ ఉంది. తాము పనిచేసే చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. అంటే ఆ బ్యాగులు ఒట్టి దయ కాదన్నమాట.

ఆ డబ్బు వద్దనట్లేదు. ల్యాబ్ సామాన్లు కొనొచ్చు. కానీ పోస్టు నింపి నెలనెలా జీతం ఇవ్వాల్సింది ప్రభుత్వమే. కంపెనీ ఈ ఏడు మా బడికొస్తుంది, వచ్చే ఏడు ఇంకో చోటికి పోతుంది. రోడ్డు, కరెంటు, రాయితీల కోసం కంపెనీలు ప్రభుత్వాన్ని గట్టిగా అడుగుతాయి కదా. సర్కారు బడికి లెక్కలు, సైన్సు టీచర్లు కావాలని కూడా అంతే గట్టిగా అడగాలి. పనికి తగ్గ చదువున్నోళ్లు దొరకట్లేదని అనేదీ వాళ్లే మరి!

ఈసారి ఊరెళ్లినప్పుడు ఎవరి బడికి వాళ్లం వెళ్దాం. ఖాళీ పోస్టులు రాసుకుని ఐటీడీఏ పీవో గారికి అర్జీ ఇద్దాం. ఒక కాపీ దగ్గర్లోని కంపెనీకీ ఇద్దాం. మా తమ్ముళ్లు ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నారు.

జై ఆదివాసీ!