తలుపు చట్రం మీది అంకె

పికప్ ట్రక్కు తొట్టిలో కూర్చునే పాప్-అప్ క్యాంపర్ సత్తా తేల్చే దారి ఏదంటే, కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ అడుగు నుంచి వైట్ మౌంటెన్స్ పైదాకా వెళ్లే దారి అంటాను. బాడ్‌వాటర్ దగ్గర నేల సముద్ర మట్టానికి 86 మీటర్లు దిగువన ఉంటుంది. అక్కడి నుంచి టౌన్ పాస్ ఎక్కి, పానమింట్ లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి లోన్ పైన్ చేరాలి. తర్వాత 395వ నంబరు హైవే మీద ఉత్తరంగా బిగ్ పైన్ దాకా పోయి, తూర్పుకు తిరిగి కొండెక్కి బ్రిసల్‌కోన్ పైన్ వృక్షాల దగ్గరికి వెళ్లేసరికి మూడు వేల మీటర్లు దాటేస్తాం. మాడ్చే ఎండ, ఈదురుగాలి, ఏటవాలు దిగుళ్లు, మట్టిరోడ్డు, గడ్డకట్టించే రాత్రి అన్నీ ఈ ఒక్క ప్రయాణంలోనే ఎదురవుతాయి. వేసవిలో టియోగా పాస్ తెరిచి ఉన్నప్పుడు బే ఏరియా తెలుగు కుటుంబాలకు ఈ ప్రాంతం ఒక్క పగటి ప్రయాణం. ఈ దారి పొడవునా గమనించినవాటిని బట్టి నాకు గట్టిగా అనిపించేది ఒకటే. క్యాంపర్‌లో ఏమేం బిగించాలన్న ఆలోచన ఇంట్లో ఉన్న సౌకర్యాల నుంచి కాకుండా ట్రక్కు మోయగల బరువు నుంచి మొదలవ్వాలి. ఏది ఉంచాలో, ఏది వదలాలో వెళ్లబోయే దారిని బట్టి తేలాలి.

ఈ బండి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అల్యూమినియం గొట్టాలు అతికించి కట్టిన చట్రం, పైన తేలికపాటి కప్పు, ట్రక్కు తొట్టిలో సరిగ్గా ఇమిడే చిన్న గది ఇది. ప్రయాణంలో కప్పు కిందికి దిగి ఉంటుంది. ఆగిన చోట పైకి నెడితే మడతపడి ఉన్న మందపాటి గుడ్డగోడలు చుట్టూ లేచి, మనిషి నిటారుగా నిలబడేంత ఎత్తు వస్తుంది. పడక డ్రైవర్ క్యాబిన్ మీదికి చొచ్చుకొచ్చి ఉంటుంది. ఫోర్ వీల్ క్యాంపర్స్ అనే సంస్థ 1972 నుంచి వీటిని తయారుచేస్తోంది. లోపల ఏమీ బిగించని ఖాళీ షెల్ కొనుక్కుని, మిగతాదంతా సొంత చేతులతో అమర్చుకునేవాళ్లు చాలామంది. నేను రాస్తున్నది వాళ్లు చేసే పని గురించే.

ట్రక్కు డ్రైవర్ తలుపు తెరిస్తే, చట్రం మీద టైర్ల గాలి వివరాలతో ఒక చిన్న స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని అందులో రాసి ఉంటుంది. క్యాంపర్ అమర్చబోయేవాళ్లు టేపు, పెన్సిలు పట్టుకునే ముందు చదవాల్సింది దాన్నే. మధ్యతరహా పికప్‌ల మీద ఆ అంకె తరచుగా 1,000 నుంచి 1,400 పౌండ్ల మధ్య ఉంటుంది. ఒకే మోడల్ ట్రక్కులు రెండు పక్కపక్కన నిలబడినా అంకె ఒకటే ఉంటుందన్న నమ్మకం లేదు. సన్‌రూఫ్, తోలు సీట్లు, ఫోర్-వీల్ డ్రైవ్ వంటివి చేరినకొద్దీ అది తగ్గుతుంది. సరే, 1,200 పౌండ్లు అనుకుందాం. అంటే దాదాపు 544 కిలోలు. ఖాళీ షెల్ 300 కిలోలు వేసుకుంటే మిగిలేది 244. ఇద్దరు మనుషులకు 140 తీసేస్తే 104. ఇరవై గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నింపితే 75 కిలోలు అక్కడే పోతాయి. మిగిలిన 29 కిలోల్లో ఫ్రిజ్, బ్యాటరీ, పొయ్యి, గ్యాస్, పరుపు, బట్టలు, బియ్యం, పనిముట్లు అన్నీ సర్దుకోవాలి. ఇంకా బీరువాలు చేయించనే లేదు! ముప్పావు అంగుళం మందం ప్లైవుడ్ షీటు పూర్తిగా ఒక్కటి తెస్తే చాలు, సుమారు 30 కిలోలు. చెక్క బీరువాల బదులు గుడ్డ సంచులు, పట్టీలు వాడమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. అందం తక్కువే గానీ బరువు దాదాపు లేనట్టే.

దీనికి వెంటనే వచ్చే జవాబు ఒకటుంది: వెనక స్ప్రింగుల దగ్గర ఎయిర్‌బ్యాగులు వేయించుకుంటే కుంగిన ట్రక్కు లేచి నిలబడుతుంది కదా, ఇక బరువు గొడవేమిటి అని. ఆ మాటలోని తేడా టౌన్ పాస్ దిగేటప్పుడు తెలుస్తుంది. 1,500 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ పాస్ నుంచి స్టోవ్‌పైప్ వెల్స్ వైపు దిగినా, పానమింట్ లోయ వైపు దిగినా, కిలోమీటర్ల కొద్దీ ఆగని ఏటవాలే. చిన్న గేరులో ఇంజన్‌తో ఆపుకుంటూ దిగాలి. లేకపోతే బ్రేకులు కాలిపోతాయి. ఎయిర్‌బ్యాగు చేసేది వెనకభాగాన్ని పైకెత్తడం మాత్రమే. బ్రేకుల వేడి తగ్గదు. ఇరుసు, చక్రాలు, చట్రం మోయగల బరువు కిలో కూడా పెరగదు. స్టిక్కర్ మీది అంకె మారదు. బరువు లెక్కలో ఉండి, కొద్దిగా కుంగుతున్న ట్రక్కును సమం చేసుకోవడానికైతే అవి మంచి పరికరాలు. లెక్క దాటిన బరువును కళ్లకు కనిపించకుండా చేయడానికి వాడితే అపాయం. ఇదే దారిని వేసవిలో ఎక్కేటప్పుడు, ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని రోడ్డు పక్కన బోర్డులుంటాయి. అదనంగా మోసే ప్రతి కిలో ఆ ఎక్కుడులో ఇంజన్‌కూ, దిగుడులో బ్రేకులకూ భారమే.

మరి పెద్ద ట్రక్కు కొనుక్కోవచ్చు కదా? కొనుక్కోవచ్చు. ఇది గట్టి వాదనే. పిల్లలతో కలిసి వెళ్లే కుటుంబానికి నేనూ అదే చెబుతాను. కాకపోతే బిగ్ పైన్ నుంచి కొండెక్కే 168వ నంబరు రోడ్డు ఒకచోట రాళ్ల సందులో ఒక్క బండి పట్టేంత ఇరుకవుతుంది. వెడల్పాటి ట్రక్కు అక్కడ పట్టదని కాదు గానీ, పైకి పోయేకొద్దీ మట్టిదారుల్లో తిరగడానికీ, ఎదురొచ్చే బండికి తప్పుకోవడానికీ చిన్నదానికి ఉన్న వీలు దానికి ఉండదు. పైగా పెద్ద ట్రక్కు కొన్నవాళ్లు దానికి తగ్గట్టు పెద్ద క్యాంపర్, పెద్ద ట్యాంకు, పెద్ద ఫ్రిజ్ పెట్టి అదే ఇరకాటంలో పడటం తరచూ కనిపిస్తుంది.

ఓవెన్స్ లోయలోకి రాగానే అసలు పెత్తనం గాలిది. పడమట సియెర్రా నెవాడా, తూర్పున వైట్ మౌంటెన్స్, ఇన్యో పర్వతాలు. నడుమ సన్నగా సాగిన లోయలో గాలి ఉధృతమైతే ఎత్తయిన వాహనాలను 395 మీద ఆపేస్తారు. కప్పు దించితే క్యాబిన్ కంటే కొంచెమే ఎత్తు తేలే పాప్-అప్ ఉపయోగం ఇక్కడ అర్థమవుతుంది. ఆ ఉపయోగాన్ని చేతులారా పోగొట్టుకునే మార్గం కప్పు మీద సామాను పేర్చడం. ర్యాకు, గాజు సోలార్ ప్యానెళ్లు, పెట్టెలు, గుడారం అన్నీ అక్కడికే చేరతాయి. కప్పు మీద వేసిన ప్రతి కిలోనూ ఆగిన ప్రతి చోటా చేతులతో ఎత్తాలి. గ్యాస్ స్ట్రట్లు సాయపడతాయి, కానీ చలికి వాటిలోని ఒత్తిడి తగ్గి, బరువైన కప్పు మొండికేస్తుంది. బరువు పైకి చేరేకొద్దీ మలుపుల్లో ఊగడమూ ఎక్కువే. కాబట్టి కరెంటు కోసం ముందుగా చూడాల్సింది కప్పు వైపు కాదు, ఇంజన్ వైపు. పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు సుమారు 30 నుంచి 50 ఆంపియర్-అవర్లు తాగుతుంది. ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టుకుంటే, రెండు గంటల ప్రయాణంలో దాదాపు 60 వెనక్కి వస్తాయి. రోజూ కదిలే యాత్రికుడికి అది చాలు. ఒకేచోట నాలుగు రోజులు ఉండిపోయేవాళ్ల మాట వేరు. వాళ్లకు మడతపెట్టే ప్యానెల్ నయమనిపిస్తుంది. ట్రక్కును నీడలో ఆపి, ప్యానెల్‌ను ఎండలో పరుచుకోవచ్చు. బ్యాటరీ విషయంలో మాత్రం డబ్బుకు వెనకాడకూడదు. వంద ఆంపియర్-అవర్ల ఏజీఎం బ్యాటరీ 28 కిలోల పైచిలుకు ఉంటుంది, అందులో సగమే వాడుకోవడం మంచిది. అదే సామర్థ్యం ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు, పదమూడు కిలోలే, పైగా దాదాపు మొత్తం వాడుకోవచ్చు. గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జ్ చేయకూడదు గనుక గుడ్డగోడల పక్కన కాకుండా లోపలి వైపు పెట్టాలి.

నీళ్ల దగ్గర దారి చెప్పినట్టు వినాలి. లోన్ పైన్, ఇండిపెండెన్స్, బిగ్ పైన్, బిషప్ ఊళ్లు 395 మీద వరసగా ఉంటాయి. ఎక్కడా యాభై కిలోమీటర్ల ఎడం లేదు. ఈ పొడుగునా 75 లీటర్లు మోసుకు తిరగడం అనవసరం. అదే కొండ మీది గ్రాండ్‌వ్యూ క్యాంపు మైదానంలో నీటి వసతి ఉండదు. అందుకే బిగించిన పెద్ద ట్యాంకు కంటే, క్యాబిన్ వైపు అడుగున తాడుతో కట్టిన పది, ఇరవై లీటర్ల డబ్బాలు నయం. కిందున్నప్పుడు రెండు, కొండెక్కే ముందు మూడో డబ్బా. స్నానాల గది ఉండి తీరాలనేవాళ్లు ఈ లెక్కను ఒప్పుకోరు. వాళ్ల అసౌకర్యం నిజమే, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు. అయితే ఆ గది, దాని ట్యాంకు, మురుగునీటి ట్యాంకు కలిపి తినేసే బరువుకు బదులు ఊళ్లలో డబ్బిచ్చి స్నానం చేసే చోట్లు చూసుకోవచ్చు. తేలికైన పోర్టబుల్ టాయిలెట్ మాత్రం నేనూ వద్దనను.

బిగ్ పైన్ దగ్గర 1,200 మీటర్లలో ఉన్నవాళ్లం, ముప్పై ఏడు కిలోమీటర్లు పోయేసరికి షుల్మన్ గ్రోవ్‌లో 3,000 మీటర్ల పైన ఉంటాం. నాలుగు వేల ఎనిమిది వందల ఏళ్లు దాటిన మెథూసెలా వృక్షం ఈ వనంలోదే. ఫలానా చెట్టని ఎవరికీ చూపించకుండా కాపాడుతున్నారు. ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు విరగదు, ఈలోగా గ్యాసూ నీళ్లూ ఆవిరవుతాయి. తేలికగా ఉండాలన్న నా వాదనకు ఇక్కడ నేనే మినహాయింపు పెడతాను. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ బరువున్నా తీసుకెళ్లాల్సిందే. అది పొదుపు చేసే గ్యాసు, నీళ్లు దాని బరువును తీర్చేస్తాయి. పోపు మాత్రం బయట పొయ్యి మీద వేసుకోవడం మంచిది. గుడ్డగోడలకు పట్టిన ఆవాల పొగ, ఇంగువ వాసన ఓ పట్టాన వదలవు. లోపల వంట చేసేటట్టయితే కిటికీ, పైకప్పు వెంటు రెండూ తెరిచి ఉంచాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. దాని బరువు అసలు లెక్కలోకే రాదు. రాత్రి చలికి అన్నీ మూసేస్తే ఊపిరిలోని తేమ గుడ్డ మీద నీళ్లయి కారుతుంది, పరుపు అడుగు తడుస్తుంది. వెంటు కొద్దిగా తెరిచి, పరుపు కింద గాలి ఆడే జాలీ చాప పరిస్తే చాలావరకు తగ్గుతుంది.

షుల్మన్ గ్రోవ్ దాటితే పేట్రియార్క్ గ్రోవ్ దాకా మట్టిరోడ్డు, అలలు అలలుగా గట్టిపడినది. తొట్టి నాలుగు మూలలా క్యాంపర్‌ను ట్రక్కుకు పట్టి ఉంచే టర్న్‌బకిళ్లు ఇలాంటి అదురుకు నెమ్మదిగా వదులవుతాయి. చేతితో తిప్పితే తేలిగ్గా తిరిగేంత వదులైతే, క్యాంపర్ తొట్టిలో జరగడం మొదలైనట్టే. లాక్‌నట్ ఉంటే బిగించాలి, లేకపోతే తీగతో కట్టాలి, ఆగిన ప్రతిసారీ చూసుకోవాలి. అల్యూమినియం చట్రం ఇలాంటి దారిలో కొంచెం వంగి మళ్లీ సర్దుకునేలా కట్టింది. దానికి బరువైన చెక్క బీరువాను ఇనుప స్క్రూలతో గట్టిగా బిగిస్తే ఆ కదలిక అంతా స్క్రూ చిల్లుల మీద పడుతుంది. తేమ తగిలితే రెండు లోహాలు కలిసిన చోట తుప్పు మొదలవుతుంది. ముందు నుంచీ బిగింపు కోసం ఇచ్చిన చోట్లే వాడుకుని, మిగతాది పట్టీలతో కట్టడమే నాకు సరైనదనిపిస్తుంది.

ఇంత లెక్క ఎవరు వేస్తారు, నడుస్తున్న బండే చెబుతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. బండి చెప్పేది ఆలస్యంగా చెబుతుంది. అమెరికాలోని పెద్ద ట్రక్ స్టాపుల్లో ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూచే వేబ్రిడ్జిలు ఉంటాయి, ఖర్చు స్వల్పం. నీళ్లు నింపి, సామాను పెట్టి, వెళ్లే మనుషులంతా కూర్చున్నాక తూచాలి. మొత్తం బరువు లోపలే ఉన్నా, క్యాంపర్ భారమంతా తొట్టి మీద పడుతుంది గనుక వెనక ఇరుసు హద్దు ముందే వచ్చేస్తుంది. అలా వస్తే నీళ్ల డబ్బాలు, బ్యాటరీ క్యాబిన్ వైపుకు జరపాలి. జరిపినా సరిపోకపోతే ఏదో ఒకటి దించేయాలి.