మా డోలుకు ఎన్ని నిమిషాలు?

పాలకొల్లుకు మేము పాటల కోసం వెళ్లలేదు, డిగ్రీ కోసం వెళ్లాం. బుట్టాయగూడెం పైనున్న మా కోయగూడెం నుంచి అన్నదమ్ములం ఇద్దరం దిగి, కాలవకు దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకున్నాం. సాయంత్రాలు క్యాసెట్ల షాపులో పనికి కుదిరాం. షాపు యజమానిని బాబాయి గారనే పిలిచేవాళ్లం. గిరాకీ లేనప్పుడు ఆయన తనకిష్టమైనవి పెట్టుకునేవారు.

ఒక రాత్రి షట్టర్ సగం దించాక ఒక సీడీ పెట్టారు. గిటార్, తబలా, ఘటం, కంజీర, వాటి మధ్యలో సన్నటి తీగ మీద మెరుపులా ఒక వాద్యం. "ఆ మాండలిన్ ఎవరిదనుకున్నారర్రా? మన ఊరి కుర్రాడిదే!" అన్నారు బాబాయి గారు. అది 2001లో వచ్చిన 'శాటర్‌డే నైట్ ఇన్ బాంబే', రిమెంబర్ శక్తి బృందం ఆల్బం. వాయించినది ఉప్పలపు శ్రీనివాస్.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారు వాయిద్యగాడు. రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర నేర్చుకుని, 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవంలో మొదటి కచేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు, అప్పటికి పద్నాలుగేళ్లు. మాండలిన్ మన వాద్యం కాదని, దాని మీద గమకం పలకదని పెద్దలు సందేహపడ్డారు. అతను అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి పలికించాడు. పలికాక అందరూ విన్నారు.

ఆ సీడీతో మాకు పిచ్చి పట్టింది. బాబాయి గారి దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటే విన్నాం. ప్రోగ్రెసివ్ రాక్ అంటే, మూడు నిమిషాల పాట చాలదనుకున్న రాక్ వాళ్ల సంగీతం. జాజ్ ఫ్యూజన్ అంటే, జాజ్‌లో అప్పటికప్పుడు అల్లుకునే పద్ధతికి ఎలక్ట్రిక్ గిటార్లు, రాక్ డ్రమ్ములు కలిపినది. మాకు ఎవరూ పాఠం చెప్పలేదు. మా చెవికి తోచినదే ఇక్కడ చెబుతున్నాం.

యెస్ బృందం 1972 నాటి 'క్లోజ్ టు ది ఎడ్జ్' మాకు మొదట అర్థం కాలేదు. పేరున్న పాట ఒక్కటే పద్దెనిమిది నిమిషాలు దాటి రికార్డులో ఒక పక్కంతా నిండిపోయింది. నాలుగోసారి వింటుంటే తమ్ముడన్నాడు, "అన్నా, ఇది మన పండగ రాత్రిలాగే ఉంది. తొందరలేదు." నిజమే. భూమి పండుగకు డోలు మొదలైతే ఎవరూ గడియారం చూడరు. ఆడవాళ్ల వరస రేల పాట ఎత్తుకుంటుంది, డోలు ఆ నడకకు సర్దుకుంటుంది, కొమ్ములు తలకు కట్టుకున్నవాళ్లు డోలు చుట్టూ తిరుగుతారు. ఆట చిక్కబడటానికే చాలాసేపు పడుతుంది.

పింక్ ఫ్లాయిడ్ 'మనీ' ఏడు దెబ్బల లెక్కలో నడుస్తుంది. దాన్ని గొప్ప కష్టంగా చెబుతారు గానీ, మా కాళ్లకు ఇబ్బంది అనిపించలేదు. మహావిష్ణు ఆర్కెస్ట్రా 1973లో చేసిన 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ కొన్నిచోట్ల అందరూ పరుగెత్తుతుంటే ఎవరిని వినాలో తెలియదు. అదే గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1976లో ఎల్.శంకర్, జాకీర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో తెచ్చిన 'శక్తి' మాకు ఎక్కువ నచ్చింది. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లు తగ్గుతారు.

శ్రీనివాస్ కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి 1995లో చేసిన 'డ్రీమ్' మీద మాకు పేచీ ఉంది. ఆ శబ్దం అందంగానే ఉంటుంది, కానీ మాండలిన్ మంచులో నడుస్తున్నట్టు దూరమైపోతుంది. 2000లో వచ్చిన 'ది బిలీవర్'లో అలా కాదు. గిటార్ అడుగుతుంది, మాండలిన్ బదులిస్తుంది, మళ్లీ ఎదురడుగుతుంది. ఫ్యూజన్ అంటే మాకు ఇదే. రెండో వాద్యాన్ని రంగు కోసం పూస్తే అది ఫ్యూజన్ కాదు.

ఈ మాట ఎందుకు గట్టిగా అంటున్నామంటే, ఆ రంగు పూత మేము అనుభవించాం. ఒకసారి ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం సభకు మా డోలు బృందాన్ని పిలిచారు. పొద్దున్నుంచి ఎండలో నిలబెట్టారు. అతిథులు గేటు నుంచి వేదికకు నడిచినంతసేపు వాయించమన్నారు. మూడు నిమిషాలు. ఊపు అందుకునేలోపే మైకులో "ఇక చాలు" అన్నారు. ఆ తర్వాత మా సంస్కృతి గురించి రెండు గంటలు ఉపన్యాసాలు చెప్పారు. మా మేనమామ డోలు నేల మీద పెట్టి, దాని మీద తువ్వాలు కప్పి కూర్చున్నాడు.

మామ ఊరు గోదావరి ఒడ్డున ఉండేది. పోలవరం ప్రాజెక్టు కింద ఖాళీ చేయించిన కోయ, కొండరెడ్డి ఊళ్లలో అదీ ఒకటి. కలిసి వాయించే నలుగురికి ఇప్పుడు మూడు కాలనీలలో ఇళ్లు. ఇల్లు పోతే ఇంకో ఇల్లు కట్టారు. నలుగురూ ఒక్కచోట లేకపోతే ఆ వాయింపు ఎక్కడిది?

శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయాడు, నలభై అయిదేళ్లకే. కొత్త శక్తి బృందం 2023లో చేసిన 'దిస్ మూమెంట్'లో మొదటి పాటకు అతని పేరే పెట్టుకుంది, 'శ్రీనీస్ డ్రీమ్' అని. మనిషి పోయినా అతని వాయింపు మిగిలింది, ఎవరో పూర్తిగా రికార్డు చేశారు కాబట్టి. అది విన్న రోజు మా ఇద్దరికీ మామే గుర్తొచ్చాడు.

ఆటో మాట్లాడి నలుగురినీ మా గూడెం తీసుకొచ్చాం. చింతచెట్టు కింద ఫోను పెట్టాం. "ఎంతసేపు వాయించాలి, అల్లుళ్లూ?" అని అడిగాడు మామ. ఆ ప్రశ్నకు మా గొంతు పట్టేసింది. "నీకు చాలనిపించేదాకా, మామా" అన్నాం.

యాభై రెండు నిమిషాలు వాయించారు. మధ్యలో దగ్గులున్నాయి, ఒక కుక్క అరుపు ఉంది. పెద్దమ్మ ఒకామె రేల పాట ఎత్తుకుని మరిచిపోయి, నవ్వి, మళ్లీ అందుకోవడం ఉంది. ఏదీ కత్తిరించలేదు.

తర్వాత మామకు 'ది బిలీవర్' వినిపించాం. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. "ఈ ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఆగి వింటున్నారు" అన్నాడు. ఇన్ని ఆల్బంలు విని మేము చెప్పబోయి చెప్పలేనిది అదే.

మీ ఊళ్లో డోలు పట్టే చేతులుంటే, ఈ ఎండాకాలంలోనే ఒక రాత్రి కూర్చోబెట్టండి. ఎన్ని నిమిషాలని మాత్రం చెప్పకండి.