గీత చూశావా?

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. డిపోలో బస్సు కింద గొయ్యి ఉంటుంది, అందులో నిలబడి తలెత్తి పని చేసుకోవచ్చు. ఇంట్లో గొయ్యి లేదు. అయినా మా పాత ఆల్టోకి ఆయిల్ మార్చే పని ఇంకొకరి చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. వాకిట్లో జాకీ ఎత్తి, చక్రాల కింద రాళ్లు పెట్టి, గోనెపట్టా పరుచుకుని తనే కిందకి దూరేవాడు. పోయినేడాది అలా దూరి మళ్లీ లేవలేకపోయాడు. మోకాలు పట్టేసింది. అమ్మ, పక్కింటి బాబాయ్ కలిసి చెరో కాలూ పట్టుకుని బయటకి లాగారట. ఈ సంగతి నాకు ఫోన్లో అమ్మ చెప్పింది, నాన్న చెప్పలేదు.

ఆ తర్వాత బండికి ఆయిల్ మార్చడమే మానేశాడు. షెడ్డుకి ఇవ్వు నాన్నా అంటే, "వాళ్లు పాతది సగం ఉంచి కొత్తది పోస్తారు" అంటాడు. అలా ఏడాది దాటిపోయింది.

అప్పుడు దొరికింది నాకు ఈ వాక్యూమ్ పంపు. ఇంటర్న్‌షిప్ డబ్బుల్తో కొన్నాను. చూడ్డానికి పురుగుమందు కొట్టే డబ్బాలా ఉంటుంది, పని మాత్రం తిరగేసి. డిప్‌స్టిక్ తీసేసి ఆ గొట్టంలోంచి సన్నటి ప్లాస్టిక్ ట్యూబు సంపు అడుగుదాకా దించాలి. పది పదిహేను సార్లు పిడి కొడితే డబ్బాలో గాలి తగ్గుతుంది, ఆయిల్ దానంతటదే ఎక్కి వస్తుంది. బండి కిందకి దూరే పనే లేదు.

మెకానికల్ వాళ్లకి ఇక్కడో మాట. పంపు ఆయిల్‌ని పీల్చదు. డబ్బాలో పీడనం తగ్గితే, సంపులో ఆయిల్ మీదున్న వాతావరణ పీడనం దాన్ని పైకి తోస్తుంది. ఎంత కొట్టినా ఒక అట్మాస్ఫియర్‌కి మించి బలం రాదు. ట్యూబు వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతుకి పడిపోతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రెండు మార్కుల కోసం బట్టీపట్టిన హేగన్-పాయ్‌జే సూత్రం ఇదే అని నాకు వాకిట్లో గొంతుక్కూర్చున్నాక గానీ వెలగలేదు. అందుకే ముందు ఇంజన్ కాసేపు నడిపి ఆయిల్ వేడెక్కించాలి. వేడెక్కితే పల్చబడుతుంది. చల్లటి ఆయిల్ మీద పెడితే జిగురు లాగినట్టు ఉంటుంది, మధ్యాహ్నం భోజనం చేసి రావచ్చు.

దసరా సెలవుల్లో మొదలుపెట్టాను. నాన్న దగ్గరికి రాలేదు. వరండాలో పేపరు చదువుతూ, చదవకుండా, కూర్చున్నాడు. నల్లటి ఆయిల్ ట్యూబులోంచి పాములా ఎక్కుతుంటే నాకు చెప్పలేనంత ఆనందం. కాసేపటికి గురగురమని శబ్దం వచ్చి గాలి లాగడం మొదలైంది. అయిపోయిందనుకున్నాను. మాన్యువల్‌లో ఉన్నంత కొత్త ఆయిల్ కొలిచి పోశాను. ఇంజన్ ఒక్క నిమిషం ఆన్ చేసి ఆపాను. చేతులు కడుక్కుని, "అయిపోయింది నాన్నా, ఇరవై నిమిషాలు" అన్నాను. ఆయన పేపరు తిప్పాడు.

మర్నాడు పొద్దున్నే పెళ్లికి వెళ్లాలి. ఇంకా చీకటిగానే ఉంది, నాన్న నన్ను భుజం తట్టి లేపాడు. చేతిలో డిప్‌స్టిక్.

"గీత చూశావా?"

పై గీత దాటి బెత్తెడు దాకా ఆయిల్. మాన్యువల్ ప్రకారమే పోశానన్నాను. "పోసింది సరే. తీసిందెంత?"

చూడలేదు. వెళ్లి చూస్తే డబ్బా మీద గుర్తు లీటరున్నర దగ్గరుంది. ఇంకో లీటరు దాకా లోపలే ఉండిపోయిందన్నమాట. ట్యూబు సంపు అడుగున తగిలి పైకి వంకర తిరిగింది, దాని మూతి ఆయిల్ పైన తేలి గాలి తాగింది. ఆ గురగురని నేను ఖాళీ అనుకున్నాను. పెళ్లి ఊరు డెబ్బై కిలోమీటర్లు. అంత ఎక్కువ ఆయిల్‌తో బండి తోలితే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని మజ్జిగలా చిలుకుతుంది. నురగ పడితే ఆయిల్ పంపుకి ఆయిల్ బదులు బుడగలు అందుతాయి, బేరింగులు అరుగుతాయి. షెడ్డు వాళ్లు చేస్తారని నాన్న తిట్టిన పనే నేను చేశాను, పాతది సగం ఉంచి కొత్తది పొయ్యడం.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆ పంపు ఇటియ్యి" అన్నాడు. స్టూలు వేసుకుని కూర్చుని, ట్యూబుని డిప్‌స్టిక్ పక్కన పెట్టి కొలిచి, అమ్మ దగ్గర నల్లదారం అడిగి అక్కడ ముడి వేశాడు. ముడి దాకా దించి, రెండంగుళాలు వెనక్కి లాగి, మెల్లిగా తిప్పి మళ్లీ దించాడు. డిపోలో ఇలాంటిది చూశాడో లేదో నేనడగలేదు. గీత దగ్గరికి వచ్చేదాకా కాస్త కాస్త తీశాం, ఆగి, తుడిచి, ముంచి, చూసి, మళ్లీ. ఎక్కువైన ఆయిల్ తియ్యడానికి మాత్రం దీన్ని మించింది లేదని నా గట్టి నమ్మకం. కింద బోల్టు విప్పితే ఎక్కడ ఆపాలో తెలీదు కదా.

కొత్త ఆయిల్ పారబొయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. అలాగే నడిపి సంక్రాంతికి మళ్లీ మార్చాం. ఈసారి పంపుతో మొత్తం తీశాక, బండిని మెల్లిగా తోసుకుంటూ వీధి చివర నాన్నకి తెలిసినాయన షెడ్డులో గొయ్యి మీదకి చేర్చాం. ఎలాగూ ఫిల్టర్ మార్చాలి, మా బండికి అది కింద నుంచే అందుతుంది, పంపు దాని జోలికి పోదు. గొయ్యిలోకి నేను దిగాను. "బోల్టు విప్పు, ఎంతొస్తుందో చూద్దాం" అన్నాడు పైనుంచి. ఒక టీ గ్లాసు నిండలేదు. ఆ కాస్తనీ ఆయన చూపుడు వేలికి, బొటనవేలికి మధ్య రుద్ది, వాసన చూసి, "ఇందులోనే ఉంది మడ్డంతా" అన్నాడు. కొంచెం ఆగి, "రెండుసార్లు పంపు, మూడోసారి బోల్టు" అన్నాడు.

పాత ఆయిల్ క్యాన్‌లో ఎత్తి షెడ్డులోనే డ్రమ్ములో పోశాం. కంచె గుంజలకి చెద పట్టకుండా పూస్తానని బాబాయ్ అడిగాడు గానీ, బావి పక్కన కంచె అని నాన్న ఇవ్వలేదు.

హాస్టల్‌కి వచ్చాక మొన్న అమ్మ ఫోన్ చేసింది. బాబాయ్ కారుకి ఆయిల్ ఎక్కువ పోశారట ఎవరో. నాన్న పంపు పట్టుకుని, స్టూలు కూడా పట్టుకుని వెళ్లాడట.